గోరువంకలు కాపలా కాసిన మూడు ఊళ్లు

అనగా అనగా, పాలకొండల అవతల మణిదుర్గమని ఒక రాజ్యం. దాన్నేలే రాజు పేరు విజయపాలుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి వేటంటే ప్రాణం, రెండోవాడికి విందంటే ప్రాణం. మూడోవాడు అమరకేతుడికి మాత్రం అబద్ధమంటే ఒళ్లు మంట. చిన్నప్పుడు దాది "బువ్వ తింటే చందమామ దిగొస్తాడు" అందట. బువ్వంతా తిన్నాక చందమామ దిగి రాలేదని వెండిపళ్లెం విసిరేశాడట!

ఆ రాజ్యపు పొలిమేరలో మూడు ఊళ్లుండేవి. నేతగాళ్ల నూలువాడ, కుమ్మరుల మట్టివాడ, గానుగలవాళ్ల నూనెపల్లె. ఒక ఏడు ఆ మూడు ఊళ్లూ ఉన్నట్టుండి ఖాళీ అయిపోయాయి. కుండలు పొయ్యి మీదే ఉన్నాయి, వండినవాళ్లు లేరు. బట్ట మగ్గం మీదే ఉంది, నేసేవాళ్లు లేరు. పదేళ్లు గడిచాయి. ఒక్కరూ వెళ్లి చూడలేదు.

ఒకనాడు కొలువులో కంకాళుడనే మాంత్రికుడు లేచి, "మహారాజా, పొలిమేరలో ఊరికే పడున్న రాళ్లగుట్టలు నాకిప్పించండి. కోట కట్టుకుంటాను" అన్నాడు.

"అక్కడ ఊళ్లుండేవి కదయ్యా?" అన్నాడు రాజు.

"అక్కడ ఊరే లేదు" అన్నాడు కంకాళుడు.

"అక్కడ ఊరే లేదు" అన్నాడు మంత్రి. "అక్కడ ఊరే లేదు" అన్నాడు సేనాపతి. కొలువంతా తలలూపింది.

అమరకేతుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. "మా అమ్మ పెళ్లిచీర నూలువాడలో నేసిందే కదా! ఊరే లేకపోతే దాన్నెవరు నేశారు, సాలెపురుగా?" అని అరిచాడు.

రాజు ఇబ్బందిగా కదిలాడు. "ముగ్గురూ వెళ్లి చూసి రండి. ఊళ్లున్నాయనడానికి మూడు నిదర్శనాలు తెస్తే నమ్ముతాను" అన్నాడు.

పెద్దవాడు గుర్రమెక్కి వెళ్లాడు. ముళ్లకంపలు చూశాడు. గుర్రం దిగకుండానే తిరిగొచ్చాడు. రెండోవాడు దారిలో మామిడితోపు కనబడితే అక్కడే భోంచేసి, నిద్రపోయి, తిరిగొచ్చాడు. మూడోవాడు కాలినడకన వెళ్లి, కంపలు నరుక్కుంటూ నూలువాడలో అడుగు పెట్టాడు.

అక్కడ తనకన్నా ముందే మనుషులున్నారు! ఒక పడుచుపిల్ల రాతిమీద తడిబట్ట పరిచి, మసిలో ముంచిన గుడ్డతో మెల్లగా అద్దుతోంది. రాతిమీది అక్షరాలన్నీ బట్టమీద తెల్లగా తేలుతున్నాయి. ఆమె పేరు ముత్యాలు, రాళ్లు చెక్కేవాళ్ల అమ్మాయి. పక్కనే ఓదెలు తాత, గొర్రెలు కాసుకునేవాడు. "ఇది నేతగాడు చిట్టెన్న ఇల్లు. దూలం మీద వాళ్ల నాయన చెక్కిన చేప బొమ్మ చూడు" అని చెబుతున్నాడు. ముత్యాలు తాటాకు మీద రాస్తోంది.

"మిమ్మల్నెవరు పంపారు?" అనడిగాడు అమరకేతుడు.

"ఎవరూ పంపలేదు బాబూ" అన్నాడు ఓదెలు. "ఎవరూ రావడం లేదనే వచ్చాం. నా గొర్రెల బొచ్చు కొన్నది ఈ ఊరివాళ్లే. వాళ్లు లేరంటే నా నోట్లోకి ముద్ద దిగుతుందా?"

"రాయి కొట్టేవాడికి రాయి విలువ తెలుసు రాకుమారా" అంది ముత్యాలు. "పేరు చెక్కిన రాయిని కోటగోడలో తిరగేసి కడతారట. అంతకన్నా పాపముందా?"

అమరకేతుడు కత్తి పక్కన పెట్టి గంటం పట్టాడు. ముగ్గురూ కలిసి మూడు నెలలు మూడు ఊళ్లు ఇల్లిల్లూ తిరిగారు. ఏ గడప ఎవరిదో, ఏ గానుగ ఎవరిదో, ఏ కుండ మీద ఎవరి వేలిగుర్తుందో, అంతా రాసుకున్నారు. వింతేమిటంటే ప్రతి గడప మీదా గోరువంకలు కూర్చునేవి. తరిమినా కదిలేవి కావు.

అమరకేతుడు మూడు నిదర్శనాలతో కొలువుకు వచ్చాడు. ముందు మట్టివాడ కుండ చూపించాడు.

"కోతులు చేసి ఉంటాయి" అన్నాడు కంకాళుడు.

నూనెపల్లె గానుగ రోకలి చూపించాడు.

"పిడుగు పడి విరిగిన మాను" అన్నాడు కంకాళుడు.

నూలువాడ శాసనం అద్దిన బట్ట పరిచాడు. బావి తవ్వించిన నలభైమంది పేర్లున్నాయి దాని మీద.

"గాలి గీసిన గీతలు" అన్నాడు కంకాళుడు. కొలువంతా నవ్వింది. అన్నలిద్దరూ పడీపడీ నవ్వారు. రాజు మాత్రం నవ్వలేదు. నవ్వొద్దనీ అనలేదు.

"గాలికి ఓనమాలు ఎవరు నేర్పారయ్యా?" అని అమరకేతుడు గర్జించాడు. "మీకు నేసిపెట్టారు, వండుకోను కుండలిచ్చారు, దీపాలకు నూనె పోశారు. వాళ్లు మాయమైతే ఏమయ్యారని అడగని నోళ్లు, రాళ్లు పంచుకోడానికి తెరుచుకున్నాయా?" అని, బట్ట మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

నూలువాడ చేరి చిట్టెన్న గడప మీద కూలబడ్డాడు. కోపం పట్టలేక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క బొట్టు గడప మీద పడింది. అంతే, గడప మీది గోరువంకకు మాటొచ్చింది!

"రాకుమారా, మేమే ఈ ఊరి మనుషులం. మా ఇళ్ల రాళ్లు ఇవ్వం పొమ్మన్నందుకు కంకాళుడు మమ్మల్ని పిట్టల్ని చేశాడు. మా పేర్లు మేమే మరిచిపోయాం. ఏడు సముద్రాల అవతల పగడాల దీవిలో ఇనపపంజరం ఉంది. అందులో చిలుక ఉంది. ఆ చిలుకలో వాడి ప్రాణముంది. చిలుకను చంపావా, వాడు చస్తాడు గాని మేమిలాగే ఉండిపోతాం. మా పేర్లు దాని నోట పలికించావా, వాడూ చస్తాడు, ఎవరి పేరు పలికితే వాళ్లం మనుషులమవుతాం."

"సముద్రాలు దాటేదెలా?" అన్నాడు అమరకేతుడు.

బావిలోంచి ముసలి తాబేలు తల ఎత్తింది. "నేను దాటిస్తాను. నా బావి పూడ్చి రాళ్లు పీక్కుపోతాడట, ఆ కంకాళుడు! నన్నడిగాడా?" అంది.

దాన్ని పైకి తీయగానే ఏనుగంత అయింది. ఓదెలు ఊళ్లకు కాపలా ఉన్నాడు. అమరకేతుడు, ముత్యాలు తాటాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని తాబేలెక్కారు. ఉప్పు సముద్రం దాటారు, పాల సముద్రం దాటారు, ఏడు సముద్రాలూ దాటి పగడాల దీవి చేరారు.

పంజరంలో చిలుక వీళ్లను చూడగానే, "అక్కడ ఊరే లేదు! అక్కడ ఊరే లేదు!" అని అరిచింది.

అమరకేతుడు ఆవేశంగా దాని మెడ పట్టబోయాడు. ముత్యాలు చెయ్యి అడ్డం పెట్టింది. "చిలుక తప్పేముంది? నేర్పిన మాట అంటోంది. మనం వేరే మాట నేర్పుదాం."

మొదటిరోజు పేర్లు చదివితే చిలుక పొడిచింది. రెండోరోజు చదివితే వీపు తిప్పి కూర్చుంది. మూడోరోజు ముత్యాలు జామపండు ముక్క పెట్టి, "నూలువాడ చిట్టెన్న" అని చదివింది. చిలుక తల వంచి చూసి, "నూలువాడ చిట్టెన్న" అంది!

అక్కడ కొలువులో కంకాళుడి పన్ను ఊడి పడింది. రెండో పేరుకు మీసం రాలింది. మూడో పేరుకు కాలు చచ్చుబడింది. వాడు గావుకేక పెట్టి, సుడిగాలై దీవికి వచ్చిపడ్డాడు.

"ఆపు రాకుమారా! నిన్ను చక్రవర్తిని చేస్తాను. ప్రతి రాతి మీదా నీ పేరే చెక్కిస్తాను!"

"ఇంకొకరి పేరు చెరిపి నా పేరా? థూ!" అన్నాడు అమరకేతుడు. "చదువు ముత్యాలూ!"

"మట్టివాడ కుమ్మరి గంగవ్వ" అని ముత్యాలు చదివింది. చిలుక పలికింది. "నూనెపల్లె పోశెట్టి" అని చదివింది. చిలుక పలికింది. కంకాళుడు "అక్కడ ఊరే లే..." అంటూనే పిడికెడు బూడిదైపోయాడు. కట్టలు అయిపోయేదాకా వాళ్లు చదవడం ఆపలేదు. ఒక్క పేరు కూడా వదల్లేదు.

వాళ్లిద్దరూ తాబేలెక్కి తిరిగొచ్చేసరికి మూడు ఊళ్లలో గోరువంకలన్నీ మనుషులైపోయి ఉన్నాయి. రాజు పరివారంతో పరుగెత్తుకొచ్చి, "నన్ను వాడు మోసం చేశాడు" అని కళ్లొత్తుకున్నాడు.

కుమ్మరి గంగవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "వాడు మాంత్రికుడు, మాయ చేశాడు. నువ్వు రాజువి. పదేళ్లలో ఒక్కసారి వచ్చి చూడ్డానికి నీకే మాయ అడ్డమొచ్చింది?" అంది.

రాజు కిరీటం తీసి అమరకేతుడి తల మీద పెట్టి, తలపాగా చుట్టుకుని, రాళ్లు మోయడానికి దిగాడు. ఆయన వెనకే మంత్రి, సేనాపతి, అన్నలిద్దరూ దిగారు. కూలిన ఇళ్లన్నీ నిలబడేదాకా గంగవ్వ వాళ్లను కూర్చోనివ్వలేదు.

అమరకేతుడికీ ముత్యాలుకీ నూలువాడ నడివీధిలో పెళ్లి జరిగింది. ఆస్థానకవి లేచి, "మూడు ఊళ్లను బతికించిన మహావీరుడా!" అని పద్యమెత్తుకున్నాడు.

"ఆపవయ్యా!" అని పెళ్లిపీటల మీంచే కసిరాడు అమరకేతుడు. "నేను రాకముందే ఈ గడపలు లెక్కపెట్టుకుంటూ తిరిగిన ముసలాయన అదుగో, గొర్రెల మధ్య నిలబడ్డాడు. ముందు ఆయన పేరుతో మొదలుపెట్టు!"

కవి గొంతు సవరించుకుని ఓదెలు పేరుతో మొదలుపెట్టాడు. ఓదెలు సిగ్గుపడి గొర్రెపిల్లను మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అమరకేతుడు, ముత్యాలు అరవై ఏళ్లు రాజ్యమేలారు. ఆ అరవై ఏళ్లలో ఏ కొలువులోనూ, ఏ ఊరినీ లేదనే ధైర్యం ఎవడికీ రాలేదు.