సొరదీవి చరిత్రని ఆచరణలో పెట్టిన బుచ్చెన్న

సొరదీవి రేవులో బజ్జీలమ్ముకునే బుచ్చెన్నకి తన తెలివి మీద గొప్ప నమ్మకం. పెళ్ళాం పోలమ్మకి అంతకంటే నమ్మకం. ఇక బావమరిది గవరయ్య, వానలో గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకునే రకం.

ముగ్గురిదీ శ్రీకాకుళం. దీవికొచ్చి పదేళ్ళయింది. ఇప్పుడు ఆ దేశ చరిత్రలో పరీక్ష పాసై పౌరులైతేనే కొట్టు ఉంటుంది, లేకపోతే ఓడెక్కి పొమ్మన్నారు. ఆ కొట్టంటే బుచ్చెన్నకి ప్రాణం. రెండు రోజులు అన్నం సయించలేదు. పరీక్షాధికారి జాలిపడి పుస్తకమిచ్చి, "ఊరికే చదివితే చాలదయ్యా, చదివింది ఆచరణలో పెట్టాలి," అన్నాడు.

అంతే, మొదలుపెట్టారు.

మొదటి పాఠంలో తెల్లదొరలు ఓడల్లో వచ్చి, జెండా పాతి, ఈ నేల మాదన్నారు. ఇంకేముంది, పోలమ్మ పచ్చచీర గెడకి కట్టి పక్కింటి పెరట్లో పాతారు. "ఈ పెరడు మాది!" అన్నాడు బుచ్చెన్న. పక్కింటి ముసలమ్మ చీపురు తిరగేసి ముగ్గురినీ ఉతికేసింది.

"బావా, ఈ దెబ్బలు పుస్తకంలో లేవేటి?"

"రెండో పాఠంలో ఉంటాయిరా. తిరుగుబాటు!"

రెండో పాఠంలో జనం పరదేశపు బట్టలు తగలబెట్టారు. "మన గుడ్డలన్నీ సికాకులానివే గదా!" అంది పోలమ్మ. అంతే, పెట్టెడు బట్టలూ బుగ్గి. పరీక్షనాడు ముగ్గురూ శనగపిండి గోనెసంచులు చుట్టుకుని వెళ్ళారు.

ఆఫీసు రేవు పక్కనే. "తెల్లదొరలు మొదట ఏం చేశారు?" అన్నాడు అధికారి.

"జెండా పాతి చీపురు దెబ్బలు తిన్నారండి."

"జనం ఏం చేశారు?"

ముగ్గురూ గోనెలు చూపించారు. అధికారి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. ఇంత శ్రద్ధ ఆయనెక్కడా చూడలేదు. ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. "ఇదొక్కటి చెప్పండి, పౌరులైనట్టే. ఆఖరికి ఆ పరదేశీలు ఏం చేశారు?"

బుచ్చెన్నకి నిద్రలో లేపినా ఆ జవాబు వచ్చు. కానీ చెబితే చాలదు కదా! లేచి దండం పెట్టాడు. ముగ్గురూ గబగబా రేవుకి నడిచి, లంగరెత్తుతున్న ఓడెక్కేశారు. ఓడ కదిలింది.

అధికారి కాగితాలు ఊపుకుంటూ ఒడ్డున పరిగెత్తాడు. "అయ్యో, దిగండయ్యా! పాసయ్యారు! నూటికి నూరు!"

కొట్టు దక్కిందని బుచ్చెన్నకి ఆనందంతో కళ్ళనీళ్ళు తిరిగాయి.

పోలమ్మ మాత్రం ఒడ్డుకేసి చూసి కంగారుపడింది. "ఏటయ్యా, పాసైపోనాం గదా, మరి మన దేశం అలా దూరంగా పోతందేటి?"

"పోనీయే, మన దేశమే గదా! సాయంత్రం బజ్జీల వేళకి అదే వచ్చేస్తది."