నోటి మీద వేలు

అనగనగా ఒక ఊళ్ళో ఒక బడి, ఆ బడికో పాపయ్య మేష్టారు. దుప్పట్లో కాళ్ళాడించకు, వింటే సరిగ్గా విను! ఆయన బడిలో ఒక పద్ధతి ఉండేది. లెక్క ముందు చేసేసినవాళ్ళు, అందరూ చేసేదాకా నోటి మీద వేలేసుకుని కూర్చోవాలి.

ఆ బడిలో చిలకమ్మ అని నీ ఈడు పిల్ల ఉండేది. మేష్టారు లెక్క చెప్పడం పూర్తి కాకుండానే జవాబు రాసేసేది. ఇంకేముంది, పొద్దస్తమానం నోటి మీద వేలే! "ఇంకో లెక్క ఇవ్వండి మేష్టారూ" అంటే, "ఏమిటే ఆ తొందర? కూర్చో!" అనేవాడు.

ఊరికే కూర్చోమంటే ఏ పిల్ల కూర్చుంటుంది? నువ్వు కూర్చుంటావా? ఒకరోజు ముందు వరస పిల్లల జడలన్నీ కలిపి ముడేసింది. గంట కొట్టగానే అందరూ ఒక్కసారి లేచారు. అబ్బో, ఆ కేకలు! ఆ తర్వాత, ఎలా తెరుచుకుంటుందో చూద్దామని మేష్టారి గొడుగు ఊచలన్నీ ఊడదీసింది. ఆ తర్వాత ఆయన కుర్చీలో కునుకు తీస్తుంటే, బట్టతల మీద మిగిలిన వెంట్రుకల్ని ఒక్కోటీ పట్టి లాగుతూ లెక్కపెట్టింది.

అప్పుడు మేష్టారికి ఒళ్ళు మండిపోయింది. "దీనికి చదువు రాదమ్మా, బడి మాన్పించి మేకలు కాయించు" అని వాళ్ళమ్మ మంగాయమ్మతో చెప్పేశాడు. చిలకమ్మ పలక గుండెకి హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పాపం, దానికి బడంటే ప్రాణం తల్లీ.

ఆ మర్నాడే చిలకమ్మ తమ్ముడికి అన్నప్రాశన. ఊరంతా పంక్తిలో కూర్చుంది, మేష్టారూ కూర్చున్నాడు. ఆయనకి తిండి దగ్గర ఎక్కడలేని చురుకు. పక్కవాళ్ళు ఇంకా పప్పు కలుపుకుంటుంటే ఈయన విస్తరి ఖాళీ!

"బూరెలు తేవే అమ్మాయ్!" అని కేకేశాడు.

చిలకమ్మ బూరెల గిన్నెతో వచ్చి ఎదురుగా నిలబడింది. "మీరు ముందు ముగించారు కదండీ మేష్టారూ. అందరూ తినేదాకా నోటి మీద వేలేసుకోండి."

పంక్తంతా గొల్లున నవ్వింది. మంగాయమ్మ హడలిపోయింది. బూరెల వాసన మేష్టారి ముక్కుకి తగులుతోంది మరి.

"నాకింకా ఆకలి తీరలేదే!" అన్నాడు దీనంగా.

"నాకూ అంతేనండీ బడిలో" అంది చిలకమ్మ.

మేష్టారు ఖాళీ విస్తరి వంక చూశాడు, చిలకమ్మ వంక చూశాడు. "రేపు బడికి వచ్చెయ్. నీకు పెద్ద లెక్కలు ఇస్తాను. ముందు ఆ బూరె వెయ్యి తల్లీ!" అన్నాడు.

ఇచ్చాడు కూడానూ. చిలకమ్మ వాటిని చకచకా చేసేసి, తనే ఒక లెక్క కట్టి మేష్టారికి ఇచ్చింది. ఆ లెక్క తెగక సాయంత్రందాకా నోటి మీద వేలేసుకుని కూర్చున్నదెవరనుకున్నావు? పాపయ్య మేష్టారే!

ఇంక నీ ప్రశ్నలన్నీ పొద్దున్నే. నోట్లోంచి వేలు తియ్యి, కళ్ళు ముయ్యి.

కథ కంచికి, లెక్క పలకకి,
బూరె బొజ్జకి, బుజ్జి నిద్రకి!