తుని హుషారు, పట్నం హుషారు

గురువు అప్పగించిన తాళంచెవి తన దగ్గర ఇంకెన్నాళ్లు ఉంటుందోనని సుభాషిణికి బెంగ పట్టుకుంది. చిక్కంతా ఒక్క మాట దగ్గర వచ్చింది.

పట్నంలో, దర్గా వెనక గల్లీలో ఉండే సూఫీ గురువు హమీదా బీ, శిష్యురాలిగా చేర్చుకున్న రోజే ఆమెకు గుమ్మం కాపలా, తాళంచెవి అప్పగించి, "హుషారుగుండు బిడ్డా" అంది. సుభాషిణిది తుని. అక్కడ హుషారంటే ఉత్సాహం. వచ్చినవాళ్లందరినీ నవ్వు మొహంతో లోపలికి పిలిచింది. మధ్యాహ్నానికల్లా ఒకాయన, కళాయి పూయించి తెస్తానని వంటింట్లో పెద్ద గిన్నె పట్టుకుపోయాడు. మళ్లీ కనబడలేదు.

ఇక్కడ ఆ మాటకు మోసపోకుండా మసలడమని అర్థమట. తోటి శిష్యురాళ్లు పడీపడీ నవ్వి మరీ చెప్పారు.

అప్పట్నుంచి సుభాషిణి ఎవరినీ నమ్మలేదు. ప్రతి సంచీ విప్పించింది. ప్రతి మాటా రెండుసార్లు అడిగింది. గల్లీలో మగవాళ్లు ఆమెకు గయ్యాళి అని పేరు పెట్టారు. అదే పని చేసే ఎదురుకొట్టు మౌలాలిని మాత్రం హుషారైనోడని మెచ్చుకుంటారు.

ఒకరోజు ఒకామె మూటతో వచ్చింది. సుభాషిణి గుమ్మంలోనే మూట విప్పించి వెతికింది. హమీదా బీ వచ్చి, మూట తానే తిరిగి కట్టి, ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టి వచ్చింది.

"మూటల ఏమున్నయ్?"

"రెండు చీరలు, దువ్వెన, పాత దుప్పటి. దొంగసొత్తేం లేదమ్మా."

"ఆమె ఏ కాలు కుంటుతుంది?"

సుభాషిణి మూటే చూసింది, మనిషిని చూడలేదు. హమీదా బీ తాళంచెవి కోసం చెయ్యి చాచింది.

అంతలో తలుపు చప్పుడైంది. సుభాషిణే వెళ్లి తీసింది. ఎదురుగా ఒకతను. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. "అక్కా, మా ఇంటామె ఇటొచ్చిందా? జర కోపంల ఇల్లిడిచింది."

అతని దగ్గర సంచీ లేదు, విప్పించడానికి. సుభాషిణి అతని చేతులు చూసింది. మణికట్టు మీద గోళ్ల గీతలు, ఇంకా పచ్చిగా ఉన్నాయి.

మొహమంతా నవ్వు చేసుకుంది. "ఎవరూ రాలేదన్నయ్యా. ఆ చివర బస్సులు ఆగేచోట చూశారా? తొందరగా వెళ్లండి, బస్సొచ్చే వేళైంది."

అతను పరుగెత్తాడు. ఆమె తలుపు మూసి, తాళం వేసి, చెవి తెచ్చి గురువు ముందు పట్టుకుంది.

"ఇదేం హుషారు బిడ్డా, మీ తునిదా, మా పట్నందా?" అంటూ హమీదా బీ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.