సగం దించిన తలుపు

డాక్టర్ సోమిదేవి గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. లేచి చెప్పులు తొడుక్కుంటారు. అడిగినవాళ్లు వెంట నడవాల్సిందే. ఆవిడ దగ్గర పక్షవాత వైద్యం నేర్చుకుంటున్న నిర్మలకి ఈ సంగతి తెలుసు. అయినా ఆ రోజు ఉండబట్టలేక అడిగేసింది.

“ఇరుకు మెడలో, ముప్పు మెదడుకి. మధ్యన చెయ్యి బిగించి మనం సాధించేదేమిటి మేడమ్?”

అడిగింది లస్కరు అప్పలస్వామి గురించి. ముప్ఫై అయిదేళ్లు కాలువ తూముల మీద పనిచేసి దిగిపోయిన మనిషి. మెడలో మెదడుకి రక్తం మోసే నాళం సన్నబడి, రెండుసార్లు మాట తడబడి సర్దుకుంది. మూడోసారి సర్దుకుంటుందన్న భరోసా లేదు. మాత్రలూ నడకా ఎలాగూ ఉన్నాయి. వాటికి తోడు రోజూ ఆస్పత్రిలో బీపీ పట్టీతో చెయ్యి అయిదు నిమిషాలు బిగించాలి, అయిదు నిమిషాలు వదలాలి, అలా నాలుగైదుసార్లు చెయ్యాలని సోమిదేవి గారు రాసి, ఆ పని నిర్మలకి అప్పగించారు. బిగించినప్పుడల్లా పెద్దాయన మొహం ముడుచుకునేది. పనిచేస్తుందో లేదో తెలియనిదానికి ఈ బాధ కూడానా అని, మూడు రోజులుగా నిర్మల పట్టీని వదులుగా చుట్టి ఊరుకుంటోంది. అది జాలే అనుకుంది.

ఇద్దరూ కాలువగట్టు పక్కనున్న అప్పలస్వామి ఇంటికి వెళ్లారు. మంచినీళ్లు తాగాక సోమిదేవి గారు, “నీటి ఎద్దడి వచ్చిన ఏడాది శివారు చేలని ఎలా గట్టెక్కించేవారో ఈ అమ్మాయికి చెప్పండి” అన్నారు.

అప్పలస్వామి హుషారుగా కూర్చున్నాడు. “ఏవుందండీ, అసలు కొరత రాకముందే ఓ పూట తూము తలుపు దించేసేవోణ్ణి. రైతులు నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, పారలట్టుకుని పంట బోదెల్లోకి దిగేవోరు. గుర్రపుడెక్క లాగేసి, పూడిక తీసేసేవోరండి. సాయంత్రానికి తలుపెత్తేసేవోణ్ణి. తరవాత నిజంగా నీళ్లు తగ్గినా, ఉన్న కాసినీ చివరి చేను దాకా పాకేవండి.”

“అంత తిట్లు తినడమెందుకు? సగం దించితే సరిపోదా?” అంది నిర్మల.

“సగం దించితే ఎవడూ బోదెలోకి దిగడమ్మా. నీరు తగ్గిన సంగతే తెలీదు కదా. తలుపు దించానన్న పేరు మాత్రం నాకు మిగులుద్ది.”

నిర్మలకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తిరుగుదారిలో గట్టు దిగుతూ అడిగింది.

“ఈ పట్టీ ఆయన్ని కాపాడుతుందని చెప్పగలరా మేడమ్?”

“చెప్పలేను. చేతికి కాసేపు రక్తం ఆపితే, ఒళ్లంతా కొరతకి ముందే సిద్ధపడుతుందని ఆశ, అంతే. లస్కరు వాన కురిపించలేడు కదా.”

ఇంకాస్త దూరం నడిచాక నిర్మల ఆగిపోయింది. “మూడు రోజులుగా పట్టీ వదులుగా కడుతున్నానండీ. మీకు చెప్పలేదు.”

సోమిదేవి గారు కూడా ఆగారు.

“బిగించిన పట్టీ చేతిమీద అచ్చు వేస్తుంది. పొద్దున ఆస్పత్రికి వచ్చినప్పుడు ఆయన చెయ్యి చూశాను” అన్నారు. “నువ్వు అడక్కపోయినా ఇవాళ చెప్పులు తొడుక్కునేదాన్నే.”