పక్కసీటు

“ట్రాక్ మీద తప్ప ఈ కారు చక్రం తిరగదు మేస్త్రీ. ఇది నా మాట.”

గాజువాకలో ఇమ్మానుయేలు మేస్త్రి షెడ్డులో నిలబడి, తన రేసుకారు మీద చెయ్యి వేసి మరీ తేజోవర్ధన్ ఈ మాట ఇచ్చాడు. మేస్త్రి నమ్మాడు. కారు వెనక సస్పెన్షన్ కీళ్ళలో ఉండే రబ్బరు బుష్‌లు తీసి ఉక్కువి బిగించాడు. రబ్బరు కొంచెం లొంగుతుంది. గుంత దెబ్బను తను మింగుతుంది. చక్రం పట్టు తప్పబోయే ముందు నడిపేవాడికి ఒంట్లో తెలిసేలా చేస్తుంది. ఉక్కు లొంగదు, చెప్పదు. నున్నటి ట్రాక్ మీద అది గెలుపు, గుంతల రోడ్డు మీద చావు.

తేజోవర్ధన్ ఆ కారును వానలో హైవే ఎక్కించాడు. వెనక ఏదో శబ్దం వస్తోంది, విని చెప్పమంటూ షెడ్డులో పనిచేసే పైడిరాజును పక్కసీటులో కూర్చోబెట్టుకున్నాడు. గుంతలో పడగానే వెనక చక్రాలు జారాయి. కారు అడ్డం తిరిగి పైడిరాజు వైపు నుంచి లారీకి కొట్టుకుంది. తేజోవర్ధన్‌కు చెయ్యి విరిగింది. పైడిరాజు అక్కడే పోయాడు. ఈ దేశంలో మాట తప్పడానికి కూడా పెట్టుబడి కావాలి. పెట్టుబడి ఒకడిది, ప్రాణం ఇంకొకడిది.

పైడిరాజుతో కలిసి పని నేర్చిన సింహాద్రి ఒక ప్రశ్నను నెలల తరబడి మోశాడు. చివరికి ఒక మధ్యాహ్నం, ఒక చేతిలో రబ్బరు బుష్, ఇంకో చేతిలో ఉక్కుది పట్టుకుని గురువు ముందు నిలబడ్డాడు.

“ఏది వేసుంటే వాడు బతికేవాడు గురువుగారూ?”

అడిగినదానికి నోటితో జవాబివ్వడం మేస్త్రికి అలవాటు లేదు. చేతులు తుడుచుకున్నాడు.

“మాటాడరేం? కష్టం మనది, వేగం వాళ్ళది, చావు మళ్ళీ మనదేనా?”

“అరవకు. కారు వస్తోంది.”

వచ్చింది తేజోవర్ధనే. కొత్త కారు. చెయ్యి అతుక్కుంది.

“దీనికీ ఉక్కువే వెయ్యి మేస్త్రీ. ఈసారి నిజంగా ట్రాక్‌కే. ఒట్టు.”

“అలాగే బాబూ,” అన్నాడు మేస్త్రి.

సింహాద్రికి ఒళ్ళు మండిపోయింది. చేతిలోని రెండు బుష్‌లూ బల్ల మీద విసిరేశాడు. మేస్త్రి అటు చూడకుండా కారు తలుపు తీశాడు.

“ఒరే, స్పానర్ తీసుకురా. పక్కసీటు విప్పు.”

“సీటెందుకు?” అన్నాడు తేజోవర్ధన్.

“ట్రాక్ మీద మీ పక్కన ఎవరూ కూర్చోరు కదా బాబూ. బరువు తగ్గితే ఇంకా ఉరుకుద్ది.”

తేజోవర్ధన్ నవ్వేశాడు. “భలేవాడివే! ఎప్పుడైనా ఎవరినైనా ఎక్కించుకోవద్దూ? ఉండనీ.”

సింహాద్రి చేతిలో స్పానర్ బోల్టు మీదే ఆగిపోయింది. మొదటి కారులోనూ ఈ సీటు ఇలాగే ఉండేది. అప్పుడు విప్పమని ఎవరూ అడగలేదు.

మేస్త్రి ఆ ఖాళీ సీటును అరచేత్తో ఒకసారి తుడిచాడు. తలుపు మెల్లగా వేశాడు.

“ఎవరిని ఎక్కించుకుంటారో చెప్పండి బాబూ. జులై పంతొమ్మిదికి పైడిరాజు పోయి ఏడాది. వాళ్ళమ్మ ఇక్కడికి వస్తుంది. ఆ రోజులోగా నాకు పేరు చెప్పండి.”