కందిరీగ ఎడమ కాలు

కందిరీగ బొమ్మ పూర్తయింది కానీ, కరీముల్లా మాస్టారు దాన్ని ఇంకా చూడలేదు. ఆయన చూసి సరే అంటే తప్ప వ్యాసం పంపడానికి వీల్లేదు. శర్వాణికి ఉదయం నుంచి అదే బెంగ.

కరీముల్లా మాస్టారు జీవితమంతా కందిరీగలతోనే గడిపిన జంతుశాస్త్ర ఆచార్యుడు. శర్వాణి ఆయన దగ్గర పరిశోధన చేస్తోంది. ఆమె బల్ల మీద చింతగింజంత అంబర్ ముక్క ఉంది. కోట్ల ఏళ్ల కిందట ఏదో చెట్టు నుంచి కారిన బంక అలా తేనెరంగు రాయిలా గట్టిపడింది. దాని లోపల ఆవగింజంత కందిరీగ.

దాని వెనక కాలి తొడ ఉబ్బెత్తుగా ఉంటుంది. తొడ కింద రంపపు పళ్లలాంటి ముళ్లు. ఆ ముళ్ల వరస ఇంతవరకూ తెలిసిన ఏ కందిరీగతోనూ కలవడం లేదు. అంటే ఇది కొత్త జాతి. ఒక పత్రిక ప్రత్యేక సంచికకు సోమవారం గడువు. అందులో వ్యాసం పడితే ఆమె ఫెలోషిప్ ఇంకో ఏడాది సాగుతుంది. పడకపోతే కష్టం.

మాస్టారు బొమ్మను కిటికీ వెలుగులోకి పట్టుకెళ్లారు.

"ఎడమ వైపు ఎలా గీశావమ్మా?"

అంబర్‌లో కందిరీగకు ఎడమ పక్కన పాలనురుగులాంటి మబ్బు కమ్మి ఉంది. అటు నుంచి చూస్తే ఏమీ కనిపించదు.

"కుడి వైపు చూసి గీశాను సార్. రెండు వైపులా ఒకేలా ఉంటుంది కదా."

"ఉంటుందా?"

"ఏ కందిరీగకైనా అంతే కదా సార్."

"ఏ కందిరీగ సంగతో నాకెందుకు? నేను దీని సంగతి అడుగుతున్నాను."

రబ్బరు ఇమ్మన్నారు. ఏదో చిన్న సవరణ అనుకుని ఇచ్చింది. ఆయన బొమ్మను బల్ల మీద పరిచి, ఎడమ మీసంతో మొదలుపెట్టి, ఎడమ రెక్క, ఎడమ కాళ్లు, వాటి ముళ్లతో సహా చెరిపేశారు.

"సార్! ఆ ముళ్లు గీసేసరికి నా కళ్లు పోయాయి సార్."

ఆయన రబ్బరు పొడిని అరచేత్తో పక్కకు తోశారు. కాగితం మీద సగం కందిరీగ మిగిలింది.

"ఇలా పంపు. ఎడమ వైపు కనిపించలేదని రాయి. తప్పేం లేదు. సోమవారానికి అందుతుంది."

"సగం పురుగుని పంపితే నవ్వుతారు సార్."

"నవ్వనీ. సగమే చూశావు."

శర్వాణి అంబర్ వంక చూసింది. ఆ మబ్బున్న వైపు రాయిని అరగదీస్తే అవతల ఏముందో కనిపించవచ్చు. కానీ చెయ్యి కాస్త బిగిస్తే రాయి చిట్లుతుంది. ఈ జాతికి లోకంలో ఉన్న సాక్ష్యం ఈ ఒక్క ముక్కే.

"అరగదీస్తే పగులుతుందా సార్?"

"పగలొచ్చు. పగిలితే ఈ సగం కూడా ఉండదు."

"మీరైతే ఏం చేస్తారు?"

"నా రాయి కాదుగా," అని ఆయన టీ తాగడానికి వెళ్లిపోయారు.

ఆమె కాసేపు ఆ సగం బొమ్మ ముందు కూర్చుంది. తర్వాత లేచి, అల్మారాలోంచి అన్నిటికన్నా సన్నటి ఉప్పు కాగితం తీసి నీళ్లలో తడిపింది.

వేలి కొసతో రాయిని కాగితం మీద ఆనించి మెల్లగా రుద్దడం, కడగడం, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడడం, మళ్లీ రుద్దడం. పని అంతే. పక్క బల్ల దివాకర్ ఆమె కన్నా రెండేళ్లు చిన్నవాడు, ఊరుకోలేకపోయాడు.

"అక్కా, సోమవారం గుర్తుందా?"

"ఉంది."

"రాయికి గుర్తుందా?"

"దానికి కోట్ల ఏళ్లే లెక్క లేదు, నీ సోమవారం ఏం లెక్క? నువ్వు మాట్లాడితే నా చెయ్యి కదులుతోంది. పోరా బాబూ."

ఒక అంచున వెంట్రుకంత చీలిక కనిపించింది. అది రెక్క వైపు పాకుతోంది. శర్వాణి చెయ్యి ఆపేసింది. బయటికెళ్లి మెట్ల మీద కాసేపు కూర్చుని లోపలికొచ్చింది. చీలికలోకి సన్నగా జిగురు ఎక్కించింది. అది ఆరేదాకా రాయిని ముట్టుకోలేదు. ఆరాక ఈసారి ఇంకో వైపు నుంచి మొదలుపెట్టింది.

సోమవారం వచ్చింది, వెళ్లింది. మాస్టారు ఆమె బల్ల పక్క నుంచే రోజూ నడిచి వెళ్లేవారు. ఏమైందని అడగలేదు. ఆమె కూడా తల ఎత్తలేదు.

మబ్బు పలచబడింది. ముందు రెక్క అంచు తేలింది. తర్వాత మీసం. తర్వాత వెనక కాలు ఉండాల్సిన చోటు.

అక్కడ కాలు లేదు.

తొడ మొదట్లోనే తెగిపోయి ఉంది. తెగిన చోట చిన్న బుడగ. కాస్త దూరంగా, బంక ముందుగా గట్టిపడిన పొరలో, ముళ్లతో సహా ఆ కాలు అలాగే అతుక్కుని ఉంది. మిగతా కాళ్లన్నీ దానికి ఎదురు దిక్కుకు చాచి ఉన్నాయి. ఒళ్లంతా అటే ఒంగి ఉంది. కుడి వైపు నుంచి చూసినప్పుడు ఆ ఒంపు అందంగా ఉందనుకుని, శ్రద్ధగా గీసింది తను.

కాలు తెగేదాకా లాగింది ఆ పురుగు. తెగాక కూడా ముందుకే కదలబోయింది.

శర్వాణి ఎవరినీ పిలవలేదు. స్టూలు మీద నుంచి లేచి పక్కకు నిలబడింది. అటుగా వస్తున్న మాస్టారు ఆగి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఆమె స్టూలు మీద కూర్చున్నారు.

చాలాసేపు చూశారు.

"ఆ కాలు చాలా బాగా గీశాను సార్," అంది శర్వాణి మెల్లగా.

"అవునమ్మా," అన్నారు ఆయన, సూక్ష్మదర్శిని మీంచి కన్ను తీయకుండానే. "ఎవరైనా నమ్మేసేంత బాగా. అందుకే భయం వేసింది."