మేట తేలేదాకా

బుల్లెయ్య మాస్టారిని ఎవరేది అడిగినా ఆయన ముందుగా అనే మాట ఒకటే: "అన్నం తిన్నావురా?" తిన్నానంటే, మళ్ళీ ఆకలేసినప్పుడు రమ్మంటారు. తినలేదంటే పక్కన కూర్చోబెట్టుకుని పెడతారు. ఎటు చూసినా ప్రశ్న ప్రశ్నగానే ఉండిపోతుంది. గోదావరి పాయల మధ్య ఉన్న ఏడు లంకల్లో చెడుగుడు ఆడే ప్రతివాడూ ఆయన దగ్గర గుక్క పట్టడం నేర్చుకున్నవాడే. దాంతోపాటు జవాబు కోసం కాచుకోవడం కూడా నేర్చుకోక తప్పేది కాదు. అంత ఓపిక లేనివాళ్ళు ఆయనది చాదస్తమని తీర్మానించి ఇంటికి పోయారు.

అబ్బులు ఓపిక ఉన్నవాడు. నలభై దాటినా మాస్టారి ముందు ఇప్పటికీ చేతులు కట్టుకునే నిలబడతాడు. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక అతన్ని లంకల పోటీలకు కార్యదర్శిని చేశారు. అదేదో పెద్ద హోదా అనుకునేరు. ఏడు జట్లకూ తేదీలు చెప్పడం, పడవలు కుదర్చడం, తగువొచ్చినప్పుడు రెండు వైపులా తిట్లు తినడం, ఇదీ ఆ ఉద్యోగం. నవ్వుతూనే చేసుకుపోయేవాడు. ఆ మార్గశిరంలో మాత్రం అతని నవ్వు మాయమైంది.

గట్టు మీది పెద్ద ఊళ్ళు ఏటా డెల్టా కప్పు ఆడిస్తాయి. ఎన్నో ఏళ్ళుగా అందులో నాలుగే జట్లు, ఆ నాలుగూ గట్టు మీదివే. లంకలవాళ్ళు ఎంత బాగా ఆడినా పిలుపు వచ్చేది కాదు. ఈ ఏడు కమిటీవారు ఏమనుకున్నారో నాలుగును పన్నెండు చేశారు. ఆ పన్నెండో చోటు లంకలకిస్తున్నామని ఉత్తరం రాశారు. ఉత్తరం అందిన రోజున ఏడు లంకల్లోనూ డప్పులు మోగాయి. అబ్బులు కూడా చిందులు వేసి, మోకాలు పట్టేసి, మంచం మీద కూర్చుని ఉత్తరం రెండోసారి చదువుకున్నాడు. అడుగున ఇంకో వాక్యం ఉంది. మీ విజేత పేరు పుష్యమాసం దాటకుండా మాకు చేరాలి, అని.

లంకల్లో ఆఖరి ఆట ఎవరి గడ్డ మీదా ఆడరు. మాఘంలో నీళ్ళు తగ్గి, ఏటి మధ్య ఇసుక మేట తేలాక, ఆ మేట మీద ఆడతారు. అది ఏ ఏడు ఎక్కడ తేలుతుందో ఎవరికీ తెలియదు గనుక ఎవరూ దాన్ని మాదనరు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళను పడవెక్కించుకుని, తామే తెడ్లు వేసి, వాళ్ళ లంకకు చేరుస్తారు. గెలిచినవాళ్ళు అక్కడ దిగి, ఓడినవాళ్ళకు ఆకులు వేసి, తమ చేత్తో వడ్డించి, వాళ్ళు తిన్నాకే తాము తింటారు. ఆ ఒక్క పూట కోసమే ఏడు లంకలూ ఒకదాని మొహం ఒకటి ఏడాదంతా చూస్తున్నాయంటే అబద్ధం కాదు. పుష్యంలోనే పేరు పంపాలంటే, మేట తేలకముందే, అప్పటిదాకా ఆడిన ఆటలు చూసి కాగితం మీద ఎవరినో ఒకర్ని గెలిపించాలి. ఆ తర్వాత మేట మీద ఆడితే ఎంత, ఆడకపోతే ఎంత?

పోనీ వద్దని రాసేద్దామంటే జువ్విలంక ఉంది. ఏడింటిలోకీ బలమైన జట్టు అది. దాని నాయకుడు వీర్రాజు దాపరికం ఎరగని మనిషి. "నువ్వొద్దని రాసేవనుకో అబ్బులన్నా, మేం పోయి గట్టు మీదోళ్ళలో కలిసిపోతాం. మావోళ్ళకి ఆడే వయసు నాలుగేళ్ళే ఉంటది. నీ మేట కోసం అది ఆగదు కదా" అన్నాడు. ఆ మాటలో తప్పేమిటో అబ్బులుకు ఎంత వెతికినా దొరకలేదు. వీర్రాజును తిట్టి పంపేయగలిగి ఉంటే హాయిగా ఉండేది.

జవాబు ఇవ్వాల్సిన రోజు సుబ్బారాయుడి షష్ఠి. తెల్లవారుతూనే అబ్బులు మాస్టారి పాకకు వెళ్ళాడు. మంచు ఇంకా విడలేదు. మాస్టారు అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, ఎదురుగా ఏమీ కనపడని ఏటివైపు చూస్తున్నారు.

"ఒప్పుకుంటే మేట పోద్దండి. ఒప్పుకోపోతే జువ్విలంక పోద్దండి. ఏం చెయ్యమంటారు మాస్టారూ?"

"అన్నం తిన్నావురా?"

"లేదండి. నిన్నట్నుంచీ సయించట్లేదండి."

"మంచిది. గట్టు మీద షష్ఠి సంతర్పణ ఉంది కదా. పద, తినేసొద్దాం."

అబ్బులు గడ వేస్తుంటే పడవ కదిలింది. రేవు రెండు బారల దూరంలోనే మాయమైంది. ఆ తర్వాత ఏరూ లేదు, ఆకాశమూ లేదు, రెండూ కలిసిన తెలుపు ఒక్కటే ఉంది. నిద్రలేని కళ్ళకు అది మెలకువో కలో తెలియలేదు. మాస్టారు కళ్ళు మూసుకుని, పెదవులు కదిలీ కదలకుండా కూత పెడుతున్నారు: చెడుగుడు, చెడుగుడు, చెడుగుడు. ఎనభై ఏళ్ళ గుండె కదా, ఇప్పుడో ఇంకాసేపటికో కూత తెగుతుందని అబ్బులు చూశాడు. తెగలేదు. తాను పన్నెండేళ్ళవాడై, పసుపు లాగు వేసుకుని, ఇసుకలో చేతులు చాచి నిలబడి, తన వైపు నిదానంగా నడిచొస్తున్న మాస్టారిని చూస్తున్నట్టే అనిపించింది. అప్పట్లో ఆయన ఎవరి మీదికీ దూకేవారు కాదు. కూత ఆపకుండా నడిచేవారు, అంతే. ఎదుటివాళ్ళే ఉండబట్టలేక మీద పడి, అవుటై కూర్చునేవారు. ఏటి మధ్యకు వచ్చేసరికి గడ ఇసుకలో దిగబడింది.

"ఎంత లోతురా?" అన్నారు మాస్టారు, కళ్ళు తెరవకుండానే.

"మొలలోతుండొచ్చండి. ఈ ఏడు మేట ఇక్కడే తేలేలా ఉందండి."

"తేలనీ."

సంతర్పణ గంగరాజు గారి తోటలో. డెల్టా కప్పు కమిటీకి ప్రెసిడెంటు కూడా ఆయనే గనుక, జవాబు ఇవ్వాల్సింది ఆయన చేతికే. ఏరు దాటి వచ్చేవాళ్ళకు ఆలస్యం మామూలే. అందుకని లంకలవాళ్ళు ఏటా రెండో బంతిలో కూర్చుని, సుబ్బరంగా తిని వెళ్ళేవారు. ఈ ఏడు మాత్రం పందిరిని మామిడిచెట్ల దాకా పొడిగించారు. ఆకులు వేసే ఆయన అల్లంత దూరం నుంచే కేకేశాడు: "రండి రండి, లంకలోళ్ళకీసారి ఫస్టు బంతిలోనే వేశాం." అబ్బులుకు ఒళ్ళు పులకరించింది. మొదటి బంతి! సిగ్గు విడిచి చెప్పాలంటే కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. మాస్టారి చెయ్యి పట్టుకుని, కొత్తగా వేసిన తాటాకుల కింద, బంతికి చిట్టచివర కూర్చోబెట్టి, పక్కన తాను కూర్చున్నాడు. అటువైపు మొదట్లో గంగరాజు గారు కూర్చున్నారు. ఇంత దూరం నుంచి ఆయన మొహం తెలియలేదు గానీ తెల్లచొక్కా తెలిసింది.

వడ్డన ఆ మొదట్నుంచి మొదలైంది. బంతి నిరుటికి మూడింతలు పెరిగింది. వడ్డించేవాళ్ళు మాత్రం నిరుటివాళ్ళే. అన్నం వచ్చింది. పప్పు వస్తుందని చూస్తే, అది వచ్చేసరికి అన్నం చల్లారింది. నెయ్యి గిన్నె సగం దారిలో ఖాళీ అయి వెనక్కి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. కందబచ్చలి కూర వాసన వచ్చింది. పప్పన్నం నాలుగు ముద్దలు తిని అబ్బులు చెయ్యి ఆకు మీద పెట్టుకుని కూర్చున్నాడు. అటు మొదట్లో బూరెలయ్యాయి, పులుసయింది, పెరుగు కూడా అయింది. ఇటు చివర కూర చేరింది, వెనకాలే ఒక బూరె ఆకు మీద పడింది. దాన్ని విరవబోతూ అబ్బులు తలెత్తి చూస్తే, గంగరాజు గారు ఆకు మడుస్తున్నారు.

బంతిలో ఒక్కరు తింటున్నా మిగిలినవాళ్ళు లేవకూడదన్నది అందరికీ తెలిసిన మర్యాదే. కాకపోతే చివర ఎవరు తింటున్నారో ఎవరు వంగి చూస్తారు? పెద్దమనిషి లేస్తే బంతి లేచినట్టే. గంగరాజు గారు మోకాలి మీద చెయ్యి వేసుకుని పైకి లేచారు. ఆయన పక్కాయన లేచాడు, ఆ పక్కాయన లేచాడు. లేవడం అలా వరసగా ఇటు నడిచి వస్తోంది. వడ్డన రావడానికి పట్టినంత సేపు దానికి పట్టలేదు. అబ్బులు విరవని బూరెను ఆకులోనే వదిలి, సిగ్గుతోనో ఆకలితోనో చెవులు వేడెక్కుతుంటే, సగం లేచాడు. రెండో బంతిలో కూర్చున్నా బాగుండేది, అనుకున్నాడు. ఒకసారి విస్తరి ముందు కూర్చుని లేచాక మళ్ళీ ఆ బంతిలోనూ కూర్చోకూడదు కదా.

"మాస్టారూ, లేస్తున్నారండి."

"ఎవర్రా?"

"ప్రెసిడెంటు గారండి. అందరూనండి."

"ఊఁ," అన్నారు మాస్టారు. "పులుసింకా రాలేదుగా."

అని, కూర కలిపిన ముద్దను ఉసిరికాయంత చేసి నోట్లో పెట్టుకున్నారు. ఆయనకు ఉన్నవి నాలుగే పళ్ళు. ఆ నాలుగింటికీ సమానంగా పని చెబుతూ, కళ్ళు సగం మూసుకుని, నెమ్మదిగా నమిలారు. కోపం లేదు, పంతం లేదు, ఎవరినీ చూడటమూ లేదు. లేచినవాళ్ళ మాటలు తగ్గాయి. ఒకరి తర్వాత ఒకరు తలలు ఇటు తిప్పారు. తాటాకుల సందుల్లోంచి పడే ఎండ ఆకుల మీద మెల్లగా జరుగుతోంది. మాస్టారు రెండో ముద్ద చేశారు. అంత పెద్ద పందిరిలో ఎనభై ఏళ్ళ మనిషి అన్నం నమిలే చప్పుడు వినిపిస్తోందంటే నమ్ముతారా, అబ్బులుకు వినిపించింది. ఆ చప్పుడులో ఏదో ఎరిగిన లయ ఉంది. అతను తనకు తెలియకుండానే గుక్క బిగబట్టాడు. సగం లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు.

అతన్ని చూసి పక్కనున్న లంకలవాళ్ళూ కూర్చున్నారు. మూడో ముద్దకు పందిరి మధ్యలో ఎవరో కూర్చున్నారు. గంగరాజు గారు ఎంగిలి చెయ్యి గాల్లో పట్టుకుని కాసేపు నిలబడ్డారు. తర్వాత, మడిచిన ఆకు ముందే, మళ్ళీ చతికిలబడ్డారు.

"తినండి మాస్టారూ, నిమ్మళంగా తినండి," అని అక్కడినుంచే అన్నారు. ఆ వెంటనే గొంతు పెంచి, "ఏమయ్యా, ఆ చివర చూడరేం? నెయ్యేదీ?" అని కేకేశారు.

నెయ్యి పరిగెత్తుకుంటూ వచ్చింది. పులుసు వచ్చింది, పులిహోర వచ్చింది, బూరెలు ఒకటికి రెండు వచ్చాయి. వడ్డన ఇటు చివర్నుంచి మొదలవడం ఆ పందిరి అంతకుముందు ఎరగదు. అబ్బులు కడుపు నిండా తిన్నాడు. మాస్టారు పెరుగన్నం తిని, మజ్జిగ తాగి, ఆకు మడిచి, అప్పుడు గాని తలెత్తలేదు. బంతి మొత్తం ఒక్కసారే లేచింది.

చేతులు కడుక్కున్నాక అబ్బులు మామిడిచెట్టు కింద నిలబడి, జేబులోంచి కాగితం తీశాడు. రెండు రోజులుగా దాని మీద 'గౌరవనీయులైన' అన్న మాట ఒక్కటే ఉంది. ఇప్పుడు దాని కింద గబగబా రాశాడు: 'మీరు పిలిచినందుకు మాకు చాలా సంతోషం. తప్పకుండా వస్తాం. మేట మీద ఆట అయిన మర్నాడే మా విజేత పేరు పంపుతాం. అందాకా మా చోటు మాకు ఉంచగలరు.' సంతకం చేశాడు. వెళ్ళి గంగరాజు గారికి ఇచ్చాడు.

ఆయన చదివి కనుబొమలు ముడిచారు. దూరంగా, చెంబుతో నీళ్ళు పుక్కిలిస్తున్న మాస్టారి వైపు ఒకసారి చూశారు.

"మేటెప్పుడు తేలుద్దేంటి?"

"దానికే తెలియాలండి."

గంగరాజు గారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో మంచు లేదు. ఎండకు ఏరంతా మెరిసిపోతూ, చూస్తుంటే నిద్ర వచ్చేలా ఉంది. అబ్బులు గడ వేస్తూ, పొద్దున ఇసుక తగిలిన చోటికి వచ్చాక ఆగాడు. నీళ్ళ కింద, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా, పచ్చటి ఇసుక ముడతలు ముడతలుగా కదులుతున్నట్టు కనపడింది. అది చూశాక అతనికి మళ్ళీ భయం పుట్టింది.

"వాళ్ళు కుదరదంటేనో మాస్టారూ? మీరంటే ప్రెసిడెంటు గారినే కూర్చోబెట్టేశారు. నావల్ల అవుద్దాండి?"

మాస్టారు దుప్పటి భుజం మీదికి లాక్కుని, నీళ్ళలోకి చూస్తూ అన్నారు.

"నేనెక్కడ కూర్చోబెట్టానురా? నేను తింటా ఉన్నాను. కూర్చుంది ఆయన."